రొయ్యల గుంటల డ్యాష్‌బోర్డుకు ఏది మేలు: కాంటెక్స్టా, జుస్టాండా, సిగ్నల్సా?

ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వెనామీ రొయ్యల గుంటల్లో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) సెన్సార్లు పెట్టి, రీడింగులు ఫోన్లో చూపించే వెబ్ యాప్ ఒకటి అనుకుందాం. 40 గుంటలు, గుంటకు 5 సెకన్లకో రీడింగు. అంటే సెకనుకు 8 మార్పులు. చూసేది గట్టు మీద, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లో. అదీ తెల్లవారుజామున, ఎందుకంటే డీవో బాగా పడిపోయేది అప్పుడే. ఇలా మారుతుండే విలువలను (స్టేట్‌ను) దాచి తెరకు చేర్చే మూడు పద్ధతులను ఇక్కడ పోలుస్తున్నాం: తెరలు కట్టే రియాక్ట్ లైబ్రరీలోనే ఉండే కాంటెక్స్ట్, రియాక్ట్‌కు తోడుగా వాడే జుస్టాండ్ లైబ్రరీ, రియాక్ట్‌కు బదులు వాడే సాలిడ్‌లోని సిగ్నల్స్.

రీడింగులన్నీ ఒకే కాంటెక్స్ట్‌లో పెడితే, ఏ ఒక్క గుంట మారినా దాన్ని చదివే 40 కార్డులూ (గుంటకో తెర ముక్క) మళ్లీ రెండర్ అవుతాయి, అంటే వాటి కోడ్ మళ్లీ నడుస్తుంది. సెకనుకు 320 రెండర్లు. అనవసర రెండర్లను ఆపే రియాక్ట్ మెమో చుట్టినా లాభం లేదు, కాంటెక్స్ట్ మార్పును అది ఆపదు. వచ్చిన రీడింగులను పక్కన పోగేసి సెకనుకోసారి స్టేట్‌లోకి వదిలితే లెక్క 40కి దిగుతుంది. పది గుంటల రైతుకు ఈ చిట్కాతో కాంటెక్స్టే సరిపోతుంది, ఇంకో లైబ్రరీ దండగ. భాష, లాగిన్ లాంటి అరుదుగా మారేవాటికైతే ఎప్పుడైనా అదే మంచిది.

జుస్టాండ్‌లో ప్రతి కార్డూ సెలెక్టర్‌తో (విలువలన్నీ ఉండే స్టోర్ నుంచి కావాల్సిన ముక్కను తీసే ఫంక్షన్) తన గుంటను మాత్రమే అడుగుతుంది. మార్పు వచ్చినప్పుడల్లా 40 సెలెక్టర్లూ నడుస్తాయి గానీ, విలువ మారిన కార్డు ఒక్కటే రెండర్ అవుతుంది. దెబ్బ తగిలేది ఇక్కడే: "డీవో 4 కంటే తక్కువున్న గుంటలు" అని సెలెక్టర్ లోపలే ఫిల్టర్ రాస్తే ప్రతిసారీ కొత్త అర్రే (జాబితా) పుడుతుంది. ఐదో వెర్షన్‌లో అది అంతులేని రెండర్ల లూపై, ఎర్రర్‌తో ఆగుతుంది. లోపలి అంశాలు మారకపోతే పాత అర్రేనే ఇచ్చే యూజ్‌షాలో (useShallow) అనే ఫంక్షన్‌తో చుట్టండి, లేదా జాబితా వద్దనుకుంటే సంఖ్య ఒక్కటే తిప్పిపంపండి. ఆ సంఖ్యను స్టోర్లో విడిగా దాచొద్దు. ఏదో ఒక చోట అప్‌డేట్ చేయడం మరిచిపోతే తెర మీద రెండు లెక్కలు కనిపిస్తాయి.

రియాక్ట్‌తో వాడే మరో స్టేట్ లైబ్రరీ రీడక్స్ టూల్‌కిట్ పనితీరూ ఇదే దారి. ఏ యాక్షన్ (మార్పు సందేశం) ఎప్పుడొచ్చిందో వెనక్కి తిప్పి చూడాల్సిన పెద్ద టీముకైతే ఆ అదనపు కోడ్ గిట్టుబాటవుతుంది.

సాలిడ్ సిగ్నల్స్ తీరు వేరు. సిగ్నల్ అంటే తనను ఎక్కడెక్కడ చదివారో గుర్తుంచుకుని, మారినప్పుడు అక్కడికే కబురు పెట్టే విలువ. కాంపొనెంట్ (కార్డు లాంటి తెర ముక్క) ఫంక్షన్ ఒక్కసారే నడుస్తుంది. ఆ తర్వాత 4.8 కాస్తా 4.6 అయితే ఆ అంకె ఉన్న టెక్స్ట్ నోడ్ ఒక్కటే మారుతుంది. బలహీనమైన ఫోన్‌కు దీన్ని మించింది లేదు. కానీ రియాక్ట్ అలవాటుతో ప్రాప్స్‌ను (కాంపొనెంట్‌కు బయటి నుంచి అందే విలువలు) విడదీసి వేరియబుల్‌లో పెట్టుకుంటే విలువ అక్కడే గడ్డకడుతుంది. "రీడింగు లేకపోతే ముందే రిటర్న్" అని రాసినా అంతే, తర్వాత రీడింగు వచ్చినా కార్డు కదలదు. దానికి షరతును బట్టి చూపించే షో కాంపొనెంట్ వాడాలి. ఎఫెక్ట్‌లో (సిగ్నల్ మారితే మళ్లీ నడిచే కోడ్) అవెయిట్ (జవాబు కోసం ఆగడం) తర్వాత చదివిన సిగ్నల్‌ను కూడా అది గమనించదు, కాబట్టి చదివేది ముందే చదవండి.

ఇప్పటికే రియాక్ట్‌లో నడుస్తున్న యాప్ అయితే జుస్టాండ్, కొత్తగా మొదలుపెడితే సాలిడ్ అంటాం. మేత లెక్క రాసే ఫారం మాత్రం ఎక్కడైనా ఆ కాంపొనెంట్ సొంత స్టేట్‌లోనే ఉండాలి.

ఏది ఎంచుకున్నా ఒక గొయ్యి మిగులుతుంది. నెట్ తెగితే చివరి డీవో అట్లాగే ఆకుపచ్చగా, బాగున్నట్టే కనిపిస్తుంది, రైతేమో ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) వేయడు. ప్రతి రీడింగుతో పాటు సమయం దాచి, 30 సెకన్లు దాటితే కార్డును బూడిద రంగుకు మార్చాలి. అయితే గడియారం రియాక్టివ్ కాదు, అంటే సమయం గడిచిందని అది తనంతట కోడ్‌కు చెప్పదు: కంప్యూటెడ్‌లో (వేరే విలువల నుంచి లెక్కకట్టే విలువ) డేట్ నౌ (ఇప్పటి సమయం) రాసినంత మాత్రాన అది మళ్లీ లెక్క కట్టదు. "ఇప్పుడు" అనే విలువను కూడా స్టేట్‌గా పెట్టి, 5 సెకన్లకోసారి టైమర్‌తో జరపాలి. ఫోన్ స్క్రీన్ ఆపితే బ్రౌజర్ ఆ టైమర్‌నూ నిలిపేయొచ్చు, అందుకని పేజీ మళ్లీ కనబడగానే సమయాన్ని సరిచేసి, సర్వర్‌తో ఉండే సాకెట్‌ను (రీడింగులు వచ్చే కనెక్షన్) కొత్తగా కలపాలి.