రాఫ్టా, విడి ఫుటింగులా: తిరుపతి నేలలో ఏది మేలు?

నాలుగంతస్తులు అనగానే "రాఫ్ట్ వేసేద్దాం సార్, గట్టిగా ఉంటుంది" అంటారు మేస్త్రీలు. రాఫ్ట్ అంటే కట్టడం అడుగంతా పరిచే ఒకే మందపాటి కాంక్రీటు పలక; విడి ఫుటింగు అంటే ఒక్కో పిల్లరు కింద వేరుగా వేసే కాంక్రీటు దిమ్మ. అంతస్తులు లెక్కబెట్టి తేల్చే సంగతి కాదిది. నేల ఎంత మోస్తుందో సాయిల్ టెస్ట్‌లో తేలాలి.

30×40 అడుగుల కట్టడం, మన లెక్కలో (అంకణం 36 చదరపు అడుగులు) 33 అంకణాలు. 12 పిల్లర్లు, ఒక్కోదాని మీద సగటున 50 టన్నులు, పునాది బరువుకు మరో 5. గట్టి గ్రావెల్ చదరపు మీటరుకు 20 టన్నులు మోస్తే ఒక్కో ఫుటింగుకు 2.75 చ.మీ. చాలు. అన్నీ కలిపి కట్టడం వైశాల్యంలో 30 శాతం, కాంక్రీటు సుమారు 13 ఘనపు మీటర్లు. అక్కడే 450 మి.మీ. రాఫ్ట్ పోస్తే 50 పడుతుంది. శుద్ధ దండగ.

చెరువు పూడ్చిన లేఅవుట్లో పూడిక తీసేశాక తగిలే బంకమట్టి 8 టన్నులే మోస్తే ఫుటింగులు 74 శాతం ఆక్రమిస్తాయి. సగం దాటితే రాఫ్టే నయం. రాఫ్ట్ సొంత బరువుతో కలిపినా నేల మీద ఒత్తిడి చ.మీ.కు 6.5 టన్నులే, పిల్లర్లు ఎక్కువ తక్కువలుగా కుంగడమూ తగ్గుతుంది. అయితే లిఫ్టు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఒకే పక్కన పెట్టి బరువు కేంద్రం జరిగితే మొత్తం ఒరుగుతుంది.

కొండ దిగువ ప్లాట్లలో సగం బండ, సగం మట్టి తగిలితే రాఫ్ట్ కాపాడుతుందనుకోవద్దు. మట్టివైపు కుంగుతుంది, బండ అంచు మీద పగులుతుంది. ఫుటింగులన్నీ బండ దాకా దింపడమే మేలు.

ఎక్కువగా తప్పు జరిగేది కమ్మీ దగ్గర. రాఫ్ట్‌ను నేల కింది నుంచి పైకి నెడుతుంది కాబట్టి శ్లాబు లెక్క తిరగబడుతుంది: పిల్లరు కింద అడుగు కమ్మీ, పిల్లర్ల మధ్య పై కమ్మీ లాగుడు మోస్తాయి. అందుకే అడుగు కమ్మీ ల్యాపులు (ఒక కమ్మీ మీద ఇంకోటి చేర్చి కట్టే అతుకులు) పిల్లర్ల మధ్యలో, పై కమ్మీ ల్యాపులు పిల్లర్ల దగ్గర ఉండాలి. రాఫ్ట్ కింద 100 మి.మీ. కాంక్రీటు బెడ్, కమ్మీని కప్పుతూ 50 మి.మీ. కాంక్రీటు కవర్, పై మెష్‌ను (కమ్మీ వలను) ఎత్తులో నిలిపే గట్టి కమ్మీ కుర్చీలు తప్పనిసరి. మందం నిర్ణయించేది చాలాసార్లు పిల్లరు చుట్టూ పంచింగ్ షియరే, అంటే పిల్లరు రాఫ్ట్‌ను గుచ్చుకుని దిగబడేలా చేసే ఒత్తిడే.

సెల్లార్ ఉంటే ఇంకో లెక్క. 2021 నవంబరు వానల్లో తిరుపతిలో ఒక ఇంటి సంపే నేలలోంచి పైకి లేచింది. రాఫ్ట్ అడుగుకు 2 మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే చ.మీ.కు 2 టన్నులు పైకి తోస్తుంది, 450 మి.మీ. రాఫ్ట్ బరువు 1.1 టన్నులే. పై శ్లాబుల బరువు చాలినంత చేరేదాకా నీళ్లు తోడే మోటారు ఆపకూడదు.