నిలకడ నేర్పే పలక: పంతొమ్మిది నెలలు వాడిన తర్వాత

ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్న ప్రతిసారీ తూలి గోడ పట్టుకోవలసి రావడంతో నేను ఫిజియోథెరపిస్టును కలిశాను. పదిహేనేళ్ల మధుమేహంతో నా అరికాళ్లు మొద్దుబారాయి. కడపలోని మా ఇంట్లో పరిచిన నాపబండల చల్లదనం ఎప్పటినుంచి తెలియకుండా పోయిందో కూడా నేను గమనించుకోలేదు. ఆయన 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును, అంటే కొడితే అదిరే రెండు కొమ్ముల లోహపు కడ్డీని, మోగించి నా కాలి బొటనవేలి ఎముకపై ఆనించారు. అదురు ఆగిపోయిందని నేను చెప్పిన తర్వాత కూడా అది ఆయన చేతికి తెలుస్తూనే ఉంది. మనిషి నిలకడకు కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ పంపే స్పర్శ ఆధారమనీ, మూడోది సన్నగిల్లడంతో నేను పూర్తిగా కళ్ల మీదే ఆధారపడుతున్నాననీ ఆయన వివరించారు.

అప్పుడు కొన్నదే ఈ పలక. దాని నాలుగు మూలల్లో బరువును కొలిచే సెన్సర్లు ఉంటాయి. మన బరువు ఎటు ఒరిగిందో ఫోన్ తెరపై చుక్క చూపిస్తుంది, చుక్క వలయం దాటితే కూత వినిపిస్తుంది. నిటారుగానే నిలబడతానని ఇన్నేళ్లూ నమ్మిన నాకు, చుక్క ఎప్పుడూ కుడి మడమ వైపే ఉండడం మొదటి రోజే కనిపించింది. ఆ ఒక్క సంగతికే పెట్టిన డబ్బులో సగం గిట్టిందనుకున్నాను.

రెండు నెలల్లో చుక్క వలయంలోనే నిలిచింది, కానీ స్నానాల గదిలో తూలడం మాత్రం తగ్గలేదు. కారణం వెతికితే నవ్వు వచ్చింది: అరికాళ్లకు శిక్షణ ఇస్తున్నాననుకుంటూ నేను చేసినదల్లా తెరను చూడడం, అంటే మళ్లీ కళ్లకే పని చెప్పడం. కూత విషయమూ అంతే. అది మోగేదాకా శరీరం తనంతట తాను సర్దుకోవడం మానేసింది. ఆ తర్వాత ఫోన్ బోర్లించి, కూత ఆపి, ముప్పై సెకన్లు నిలబడ్డాకే ఫలితం చూడడం మొదలుపెట్టాను. కళ్లు మూసుకునేటప్పుడు చూపుడువేలి కొనను గోడకు తాకీ తాకనట్టు ఆనించమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. వంద గ్రాముల ఒత్తిడి కూడా లేని ఆ తాకిడి మనిషిని మోయలేదు గానీ, ఒళ్లు ఎటు ఒరుగుతున్నదో వేలి చర్మం ద్వారా మెదడుకు తెలిసి ఊగిసలాట తగ్గుతుంది. పిమ్మట వేలు కూడా తీసేశాను. పాదాలు చేర్చి, కళ్లు మూసుకుని మొదట్లో ఆరు సెకన్లు నిలవలేని నేను ఇప్పుడు ఇరవై అయిదు దాకా నిలుస్తున్నాను.

ట్యూనింగ్ ఫోర్కు పరీక్షలో మాత్రం మార్పేమీ లేదు. పోయిన స్పర్శ తిరిగి రాలేదు, మిగిలినదాన్ని వాడుకోవడం తెలిసింది.

పలకకు లోపాలు ఉన్నాయి. మా ఎండల్లో పాదాలకు చెమట పడితే దాని నున్నటి పైభాగం జారుతుంది, అందుకే పలుచని రబ్బరు పట్టా అతికించాను. వెనుక కుర్చీ, పక్కన మా ఆవిడ లేకుండా నేను దానిపై ఎక్కను. స్పర్శ లేని పాదానికి గాయమైనా తెలియదు కనుక, దిగిన వెంటనే అద్దంలో అరికాళ్లు చూసుకుంటాను. అద్దెకు దొరికితే రెండు నెలలకు తీసుకోండి. ఆపైన అవసరమయ్యేది గోడ మాత్రమే.