సుంకి ఘాట్‌కి లేలాండా, వోల్వోనా: ఏది మేలు?

ఒడిశా జైపూర్‌లో మా చిన్నాన్నకు రెండు బస్సులున్నాయి. రెండూ కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు, విజయనగరం దాటి విశాఖ చేరతాయి. పాతదాన్ని తీసేసి కొత్తది కొనాలనుకుంటున్నారు. "ఒరే, అందరూ వోల్వో వోల్వో అంటున్నారు, మనమూ అటే వెళ్దామా?" అని నన్నడిగారు. రెండు వారాలుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది. ఏ కంపెనీ ఎక్కడ పుట్టింది, దేని కోసం బండి తయారుచేసింది అన్నది చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుందని నాకనిపించింది.

ముందు లేలాండ్ సంగతి. 1948లో రఘునందన్ శరణ్ మద్రాసులో అశోక్ మోటార్స్ పెట్టారు. అశోక్ ఆయన కొడుకు పేరు. మొదట బిగించింది బస్సులు కావు, ఇంగ్లండు ఆస్టిన్ కార్లు. 1950లో లేలాండ్‌తో ఒప్పందం కుదిరింది. లేలాండ్ అన్నది నిజానికి ఇంగ్లండులో ఒక ఊరు. అక్కడ మొదలైన కంపెనీకి ఆ ఊరి పేరే నిలిచింది. 1955లో ఆ కంపెనీ వాటా తీసుకున్నాక ఇది అశోక్ లేలాండ్ అయింది. మద్రాసు పక్కన ఎన్నూరు ఫ్యాక్టరీ నుంచి కామెట్ లారీలు, బస్సులు వచ్చాయి. 1987లో విదేశీ వాటా హిందూజాల చేతికి వెళ్లింది.

ఇందులో అసలు విషయం ఏమిటంటే, మన దేశంలో చాలాకాలం లారీ చాసిస్ మీద కట్టినదే బస్సు. కంపెనీ ఇంజను, చక్రాలు, స్టీరింగు ఉన్న చాసిస్ ఇచ్చేది. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, అద్దం కూడా లేని ఆ బండిని వందల కిలోమీటర్లు తోలుకుపోయి బాడీ బిల్డరుకు అప్పగించేవాడు. తమిళనాడులో కరూరు ఈ పనికి పేరు పడింది. చిన్నప్పుడు విశాఖ హైవే మీద అలాంటి చాసిస్‌లు వరసగా పోతుంటే నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఇంజను డ్రైవరు పక్కనే, ముందు. బస్సు నిండిపోతే బోనెట్ మీదే కూర్చోబెట్టేవారు, సాలూరు దిగేసరికి కాళ్లు కాలిపోయేవి. కింద కమాన్ కట్టలు, అంటే ఇనప పట్టీల స్ప్రింగులు. గుంత పడితే వెన్నుపూస వరకూ తెలిసేది.

వోల్వోది వేరే కథ. 1927లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైంది. మన దేశంలో 1998లో బెంగుళూరు పక్కన హోస్కోటేలో లారీల ఫ్యాక్టరీ పెట్టింది. 2001లో బీ7ఆర్ బస్సు తెచ్చింది. ఇంజను వెనక్కి పోయింది, కింద కమాన్ కట్టల బదులు గాలి నింపిన బుడ్డల మీద కుదుపు ఆపే ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. దాన్ని మొదటి నుంచీ మనుషులను కూర్చోబెట్టడానికే గీశారు. ఆర్టీసీ గరుడ ఎక్కినవాళ్లకు ఆ తేడా ఒంటితోనే తెలిసింది. ఆ తర్వాత మనవాళ్ల నోట ఏసీ బస్సు ఏదైనా వోల్వోనే అయిపోయింది. ఇన్నేళ్లుగా ఉన్న కంపెనీలు బస్సును బస్సుగా చూడటం నేర్చుకున్నది వోల్వో వచ్చాకే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ గౌరవం దానికి ఇవ్వాల్సిందే.

టాటాను తీసిపారేయడం లేదు. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టిన కంపెనీ అది. మా రోడ్డు వరకు చూస్తే లేలాండ్‌కు చెప్పిందే దానికీ వర్తిస్తుంది కాబట్టి విడిగా చెప్పడం లేదు.

ఇప్పుడు మా ఘాట్ చూడండి. 2022లో వచ్చిన వోల్వో 9600 రకం రెండు పొడవుల్లో ఉంది, 13.5 మీటర్లు, 15 మీటర్లు. విశాఖ నుంచి హైదరాబాదు రాత్రి ప్రయాణానికి అంతకన్నా మంచిది అడగక్కర్లేదు. సుంకి దగ్గర మలుపులో ఎదురుగా లోడు లారీ వస్తున్నప్పుడు 15 మీటర్ల బండి తిప్పడం అన్నది తలుచుకుంటేనే నాకు టెన్షన్. పైగా మా బస్సు పొట్టంగిలో ఆగాలి, సుంకిలో ఆగాలి, అల్లం బస్తాతోనో పనస కాయలతోనో నిలబడ్డ మనిషిని ఎక్కించుకోవాలి. ఘాట్‌లో వాంతులయ్యే పిల్లలకు కిటికీ తెరిచే వీలుండాలి. అద్దాలు బిగించేసిన ఏసీ బస్సులో ఆ తల్లుల అవస్థ నేను కళ్లారా చూశాను.

రిపేరు సంగతి ఇంకా పెద్దది. రెండేళ్ల కిందట వానాకాలంలో నేనెక్కిన ఒక ఏసీ బస్సు, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఘాట్ మధ్యలో గాలి లీకై ఆగిపోయింది. మెకానిక్ విశాఖ నుంచి రావాలన్నారు. నాలుగు గంటలు మంచులో, చీకట్లో, ముసలివాళ్లతో సహా అక్కడే ఉన్నాం. అదే లేలాండో టాటానో అయితే కింద సాలూరు ఉంది. సాలూరంటే లారీల ఊరు. అక్కడి మేస్త్రీలు చప్పుడు విని జబ్బు చెప్పేస్తారు, సామాన్లు కూడా ఆ వీధుల్లోనే దొరుకుతాయి. లేలాండ్ లారీ చాసిస్ మీద బస్సు కట్టిందని దశాబ్దాలుగా తిట్టుకున్నాం. మా కొండల్లో మాత్రం ఆ లారీ రక్తమే బండిని ఇంటికి చేరుస్తోంది.

అందుకే చిన్నాన్నకు లేలాండే చెప్పాను. 2025 మార్చిలో కృష్ణా జిల్లా మల్లవల్లిలో కూడా వాళ్ల బస్సుల ఫ్యాక్టరీ తెరిచారు. ఎన్నూరు కన్నా మనకు అదే దగ్గర.

ఒక్క విషయంలో మాత్రం నేను పట్టు వదలలేదు. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఏసీ బస్సు కాలిపోయి 45 మంది పోయారు. ఆ తెల్లవారుజాము టీవీలో చూసింది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. బాడీ ఎవరిచేత కట్టించినా బస్సు బాడీలకు ఉన్న ఏఐఎస్-052 అనే ప్రమాణాల కోడ్ ప్రకారమే కట్టాలి, అత్యవసర తలుపు లోపలి నుంచి చిన్నపిల్లాడు తోసినా తెరుచుకోవాలి, దానికి అడ్డంగా సీటు వేయకూడదు అన్నాను. "ఒక వరస సీట్లు పోతాయి కదరా" అన్నారు చిన్నాన్న. కాసేపాగి, "పోతే పోనీలే, వేయించొద్దులే" అన్నారు.