స్క్రీన్ వంక చూడటం మానేశాను: గ్లైడర్‌లో ఎడ్జ్‌టీఎక్స్ టెలిమెట్రీ, వేరియో వాడకం

గ్లైడర్‌ని నేల మీంచి నడిపే రేడియో (రిమోట్) బరువెంత, ఛానళ్లెన్ని, స్క్రీన్ ఎన్ని అంగుళాలు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. పోయినేడాది వేసవి నుంచి ఎడ్జ్‌టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న రేడియోతో, లోపలే బారోమీటర్ ఉన్న ఈఎల్‌ఆర్‌ఎస్ (ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో లింకు) రిసీవర్‌తో 2 మీటర్ల రెక్కల ఫోమ్ గ్లైడర్ ఎగరేస్తున్నాను. ఇన్నాళ్లు వాడాక నా మాట ఒక్కటే, గ్లైడర్‌కి టెలిమెట్రీ, అంటే గాల్లోంచి రేడియోకి తిరిగొచ్చే సమాచారం, పెట్టుకుంటే అది చెవులకి పెట్టుకోవాలి, కళ్లకి కాదు.

నాకు చత్వారం వచ్చింది. ఆకాశంలో గ్లైడర్ బాగానే కనిపిస్తుంది కానీ చేతిలో ఉన్న స్క్రీన్ మీద అంకె చదవాలంటే కళ్లజోడు కావాలి, అది పెట్టుకుంటే పైన గ్లైడర్ మసకబారిపోతుంది. మధ్యాహ్నం ఎండలో స్క్రీన్ మీద వెలుగు పడి సగం అంకెలు ఎలాగూ కనపడవు. వంద మీటర్ల పైన ఉన్న తెల్ల గ్లైడర్‌ని రెండు సెకన్లు వదిలేసి కిందకు చూస్తే మళ్లీ వెతుక్కోవడం ఎంత టెన్షనో ఎగరేసినవాళ్లకి తెలుసు. అందుకే స్క్రీన్ మీద ఎత్తు, టైమర్, బ్యాటరీ ఓల్టేజీ మూడే పెద్దగా పెట్టుకుని మిగతాదంతా శబ్దానికి వదిలేశాను.

అందులో అసలు సంతోషం వేరియో, గ్లైడర్ లేస్తోందో దిగుతోందో శబ్దంతో చెప్పేది. టెలిమెట్రీ పేజీలో డిస్కవర్ నొక్కితే రిసీవర్ పంపే సెన్సర్లన్నీ వచ్చేస్తాయి, వాటిలో నిలువు వేగం చూపే వీఎస్‌పీడీని వేరియో సోర్సుగా ఇచ్చి, స్పెషల్ ఫంక్షన్లలో వేరియోని ఒక స్విచ్‌కి కట్టేస్తే పనైపోయింది. గ్లైడర్ లేస్తుంటే బీప్‌లు దగ్గర దగ్గరగా, సన్నటి గొంతుతో వస్తాయి, దిగుతుంటే శబ్దం లావైపోతుంది. మధ్యలో సెంటర్ అని ఒక పరిధి ఉంటుంది, నాకు వచ్చినప్పుడు అది సెకనుకు అర మీటరు పైకీ కిందకీ ఉంది. మా దగ్గర పొద్దున పది గంటలప్పుడు వచ్చే బలహీనమైన థర్మల్స్ (వేడెక్కి పైకి లేచే గాలి) అందులోనే కలిసిపోయి వినపడకుండా పోతుంటే 0.2కి తగ్గించాను. ఇక చూడండి, కోత అయిపోయిన నల్లరేగడి చేని మీదుగా వెళ్తుంటే ఎడమ రెక్క కాస్త లేచిన క్షణంలోనే బీప్ మొదలవుతుంది, అటు తిప్పితే పట్టు దొరుకుతుంది. ఇంతకుముందు గద్దలు ఎక్కడ తిరుగుతున్నాయో చూసి అక్కడికి పరిగెత్తించేవాళ్లం. ఒకసారి గద్దే మా గ్లైడర్ ఉన్న చోటికి వచ్చి పక్కన చుట్లు తిరిగింది, ప్రాణం లేచొచ్చింది.

ఎత్తు అలర్ట్ దగ్గర మాత్రం కొంచెం పని ఉంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్ 400 అడుగుల వరకే, అంటే 120 మీటర్లు, విమానాశ్రయం నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగులే. మంచి థర్మల్ దొరికితే ఆ 120 దాటడానికి ఎంతోసేపు పట్టదు. అందుకని 110 దాటితే చెప్పమని ఒక లాజికల్ స్విచ్ (పెట్టిన షరతు నిజమైతే తనంతట తానే ఆన్ అయ్యేది) పెడతాం, కానీ గ్లైడర్ 109కీ 111కీ మధ్య ఊగుతుంటే అదే మాట మళ్లీ మళ్లీ చెప్పి తల తినేస్తుంది. దీనికి మందు స్టికీ అనే రకం లాజికల్ స్విచ్. 110 దాటితే ఆన్, 95 కిందకి దిగితేనే ఆఫ్ అని రెండు స్విచ్‌లని ఒక స్టికీకి కడితే ఒక్కసారే చెబుతుంది, దించి మళ్లీ ఎక్కితేనే మళ్లీ చెబుతుంది. బ్యాటరీ అలర్ట్‌కి 2 సెకన్ల డిలే తప్పనిసరి, ఎక్కించడానికి మోటార్ వేసినప్పుడల్లా ఓల్టేజీ కాసేపు కిందకి కుంగుతుంది కదా. ఇంకొకటి, రిసీవర్ చూపించే ఆర్‌ఎక్స్‌బీటీ అనే ఓల్టేజీ అంకె కొన్నిట్లో బీఈసీ (ప్యాక్ ఓల్టేజీని తగ్గించి రిసీవర్‌కి ఇచ్చే సర్క్యూట్) ఇచ్చే 5 ఓల్టులే, ప్యాక్‌ది కాదు. ప్యాక్ నుంచి విడిగా వైరు లాగితే తప్ప 3 సెల్స్ బ్యాటరీకి పెట్టిన 10.5 ఓల్టుల అలర్ట్‌కి అర్థం లేదు.

తెలుగులో చెప్పించుకోవచ్చని తెలిశాక నాకు ఈ రేడియో మీద మమకారం ఇంకా పెరిగింది. ఎస్‌డీ కార్డులో సౌండ్స్ ఫోల్డర్‌లో మన సొంత వేవ్ ఫైలు వేసుకోవచ్చు, మోనో, 16 బిట్, 32 కిలోహెర్ట్జ్ ఉంటే చాలు, పేరు పొట్టిగా ఉండాలి. మా ఆవిడతో చెప్పించి రికార్డు చేశాను, "ఎత్తెక్కువైంది, దించండి" అని. ఇంగ్లీషు గొంతు ఎంత స్పష్టంగా ఉన్నా థర్మల్‌లో మునిగిపోయినప్పుడు అది చెవి దాకా వచ్చి ఆగిపోతుంది, ఈ మాట మాత్రం నేరుగా చేతికి అందుతుంది. అంకెలు మాత్రం ఇప్పటికీ ఇంగ్లీషులోనే పలుకుతుంది, మనం అంకెలు మామూలుగా అనేదీ అలాగే కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గట్టి లిఫ్ట్, అంటే పైకి లేపే గాలి, దొరికింది. రేడియోలోంచి మా ఆవిడ గొంతు గ్లైడర్‌ని దించమంది, నేను దాని ముక్కు కిందకి వంచి స్పాయిలర్లు (రెక్కల మీద లేచి గ్లైడర్‌ని దించే పలకలు) తీశాను. గ్లైడర్ కళ్లముందే వేగంగా దిగుతోంది, వేరియో మాత్రం లేస్తున్నట్టే బీప్ కొడుతోంది, 10 సెకన్లకోసారి చదివే ఎత్తు కూడా పెరుగుతోంది. చెవిని నమ్మాలా, కంటిని నమ్మాలా? కంటినే నమ్మి దింపేశాను. కింద పెట్టాక కూడా వింత ఆగలేదు, నేల మీద ఎండలో కదలకుండా ఉన్న గ్లైడర్ ఎత్తు 2, 4, 7 మీటర్లు అని తనంతట తానే ఎక్కుతోంది. నల్ల కానోపీ (రిసీవర్ మీద ఉండే గ్లైడర్ పైమూత) చేత్తో ముట్టుకుంటే కాలుతోంది.

బారోమీటర్ కొలిచేది ఎత్తు కాదు, గాలి ఒత్తిడి. నేలకి దగ్గర్లో ఒక హెక్టోపాస్కల్ తేడా అంటే దాదాపు 8 మీటర్లు. సెకనుకు 10 మీటర్ల వేగంలో గాలి వల్ల వచ్చే ఒత్తిడే 60 పాస్కల్స్ దాకా ఉంటుంది, అంటే 5 మీటర్లు, వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లు. కానోపీ అంచు సందులోంచి పైన పోయే గాలి లోపలి గాలిని లాగేస్తుంటే సెన్సర్‌కి అది ఎత్తు పెరిగినట్టే. నేల మీద ఎక్కినదానికి వేడి కారణం. కానోపీ అంచుకి టేపు వేసి, అడుగున చిన్న రంధ్రం వదిలి, రిసీవర్ మీద మెత్తటి నల్ల ఫోమ్ ముక్క కప్పాను. ఆ తర్వాత డైవ్‌లో వేరియో బుద్ధిగా దిగుతున్న శబ్దమే చేస్తోంది, నేల మీద ఎక్కుడు కూడా ఒకటి రెండు మీటర్లకి తగ్గింది. అలర్ట్ మాత్రం 110 నుంచి 100కి దించేశాను, అంత నిక్కచ్చిగా కొలిచే సెన్సర్ కాదిది.

పైన వేరియో గురించి చెప్పినదానికి ఇంకో మాట చేర్చాలి. వేగంగా వస్తున్న గ్లైడర్‌ని ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) లాగి పైకెత్తినా వేరియో థర్మల్ దొరికినట్టే కూస్తుంది, వేగం ఎత్తుగా మారిందంతే. స్టిక్ కదపకుండా ఒకటి రెండు సెకన్లు ఆగి విన్నాకే చుట్టు మొదలెట్టాలి. టెలిమెట్రీ పోతే అలర్ట్‌లన్నీ మూగబోతాయి కూడా. చుట్టు తిరిగేటప్పుడు గ్లైడర్‌లోని కార్బన్ గొట్టం యాంటెన్నాకి అడ్డొస్తే "టెలిమెట్రీ లాస్ట్" అంటుంది, అప్పటికీ కంట్రోల్ చక్కగానే ఉంటుంది, రిసీవర్ తిరిగి పంపే పవర్ తక్కువ కాబట్టి ముందు పోయేది ఆ దారే. కానీ ఆ కాసేపు ఎత్తు అలర్ట్ కూడా లేనట్టేనని గుర్తుండాలి, నిశ్శబ్దంగా ఉందంటే అంతా బాగున్నట్టు కాదు.

కళ్లు బాగున్నవాళ్లకి, నీడలో నిలబడి ఎగరేసేవాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేకపోవచ్చు. కెమెరా దృశ్యం చూపే వీడియో గాగుల్స్ పెట్టుకుని ఎగరేసేవాళ్లకైతే అంకెలు కళ్లముందే ఉంటాయి, వాళ్ల లెక్క వేరు. రిమోట్ కార్లకి బ్యాటరీ అలర్ట్ ఒక్కటీ చాలు. నాలాగా గ్లైడర్, ఎండ, చత్వారం మూడూ ఉంటే వేరియో ఉన్న రిసీవర్‌కి పెట్టే అదనపు డబ్బు దండగ కాదు, దాంతోపాటే ఒక టేపు చుట్ట, ఫోమ్ ముక్క కూడా తెచ్చుకోండి. నలుగురూ కలిసి ఎగరేసే చోటైతే ఇయర్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకోండి, మీ వేరియో విని పక్కవాడు తన గ్లైడర్‌ని అటు తిప్పేసుకుంటాడు.