అప్పీలా, రిట్టా? ట్రిబ్యునల్ పరిధి దాటినప్పుడు

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఆస్తి తనఖా పెట్టి, కటక్‌లోని రుణ వసూలు ట్రిబ్యునల్లో ఓడినవాళ్ల టెన్షన్ ఇదే: అప్పీలుకు వెళ్లాలా, హైకోర్టులో రిట్ వేయాలా?

అప్పీలైతే కోల్‌కతాలోని అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, గడువు 30 రోజులు. సర్ఫేసీ చట్టం (కోర్టుకెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చేది) ప్రకారం అప్పుదారు బాకీలో సగం ముందే కట్టాలి. కారణం చూపి తగ్గించుకున్నా 25 శాతం కంటే కిందికి దిగదు. డబ్బు లేకే కదా ఇంతదాకా వచ్చింది! కానీ లెక్కలు, సాక్ష్యాలు మళ్లీ చూసేది అక్కడే.

రిట్‌కు కటక్ చాలు, ఒడిశా హైకోర్టు అక్కడే. రాజ్యాంగం 226వ అధికరణం కింద సెర్షియోరరీ (ట్రిబ్యునల్ తీర్పును కొట్టేయమనే రిట్) అడగాలంటే ముందే సగం కట్టాలన్న నియమం లేదు. అయితే తీర్పు తప్పంటే సరిపోదు, ఆ తీర్పిచ్చే అధికారమే లేదని చూపాలి. ఉదాహరణకు, సాగుభూమి తనఖాకు సర్ఫేసీ వర్తించదు. పట్టాలో కిసం (భూమి రకం) పొలమనే ఉండి, సాగు కూడా జరుగుతుంటే వాదనకు బలం. అది పొలమా, ప్లాట్లు వేసిన స్థలమా అన్నదే తగాదా అయితే అప్పీలుకే పొమ్మంటారు.

పరిధి లేనప్పుడు అప్పీలు దారి ఉన్నా రిట్ వినొచ్చని 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాంకు బాకీల రిట్లలో తొందరపడొద్దని 2010లో సత్యవతి టండన్ కేసులో హైకోర్టులను గట్టిగానే హెచ్చరించింది. లాయర్లు మొదటిదే చెబుతారు, రెండోది మీరే అడగాలి.

కాగితాలు స్పష్టంగా ఉంటే నేను రిట్ వైపే. లేకుంటే 30 రోజులు దాటనివ్వకుండా అప్పీలు వేయడమే నయం.