ఏడాది ఫిల్మ్ మేకింగ్ కోర్సు: రెండేళ్ళ తర్వాత రాస్తున్న రివ్యూ

కోర్సు అయిపోయిన వారంలోనే రాసుంటే ఐదు స్టార్లు కొట్టేవాణ్ణి. తర్వాత ఆర్నెల్లు పని లేక ఇంట్లో కూర్చున్నప్పుడు రాసుంటే ఒక్కటి కూడా ఇచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు హన్మకొండలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకుంటూ, డబ్బులు మిగిలినప్పుడు షార్ట్ ఫిల్ములు తీస్తున్నాను కాబట్టి కోపం లేకుండా చెప్పగలను.

హైదరాబాద్‌లో చిన్న ఇన్‌స్టిట్యూట్, పేరెందుకులెండి. పూణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ ఎంట్రన్స్ పోయాక ఇందులో చేరాను. బ్యాచ్‌లో పన్నెండు మందిమి, పన్నెండు మందిమీ డైరెక్టర్లమే! మొదటి రోజే సార్ గోడకి ఒక చార్ట్ అంటించారు. ఒక సినిమాకి డైరెక్షన్ చేసినవాడు తర్వాతి దానికి సౌండ్, ఆ తర్వాతి దానికి కెమెరా అసిస్టెంట్, ఆపైన కంటిన్యుటీ, అంటే షాటుకీ షాటుకీ బట్టలూ వస్తువులూ మారిపోకుండా చూసుకునే పని. లక్ష పైన కట్టింది మైకు తగిలించిన బూమ్ కర్ర మోయడానికా అని ఒళ్ళు మండింది. ఇప్పుడు చూసుకుంటే నాకు వచ్చిన పనిలో సగానికి పైగా ఆ చార్ట్ వల్లే వచ్చింది.

మొదటి ఎక్సర్‌సైజ్: కెమెరా కదపకూడదు, కట్ చేయకూడదు, సౌండ్ ఉండదు, 50 సెకన్లు. 1895లో, సినిమా పుట్టిన కొత్తలో, ఫ్రాన్స్‌లో లూమియేర్ అన్నదమ్ములు తీసిన సినిమాలు దాదాపు అంతే ఉండేవి, వాళ్ళ కెమెరాలో పట్టే రీలు అంతే మరి. ఇదో పనా అనుకున్నా. మెహదీపట్నం రైతుబజార్‌లో గోంగూర కట్టలు కట్టే ఒకావిణ్ణి అడిగి ట్రైపాడ్ వేస్తే, దారిన పోయే ప్రతి ఒక్కరూ ఆగి లెన్సులోకి చూడటం, పిల్లలు చేతులూపడం, ఆవిడేమో కొంగు సర్దుకుని కదలకుండా కూర్చోవడం. నాలుగో రోజుకి ఆవిడకి నా మీద ఆసక్తి పోయింది, అప్పుడు కుదిరింది షాట్.

సౌండ్ డ్యూటీ పడినప్పుడు తెలిసిన సంగతి: ఇంట్లో ఫ్రిజ్ చేసే చప్పుడు మన చెవి పట్టించుకోదు, మైకు మాత్రం వదలదు. ఒక టేక్ అంతా ఆ గుయ్‌మనే మోతతో పోయింది. తర్వాతి షూట్‌కి ఫ్రిజ్ ఆపించాను, ప్యాకప్ అయ్యాక వేయడం మర్చిపోయాను, ఆ ఇంటి ఆంటీ దోసెల పిండి మొత్తం పులిసి కూర్చుంది. అప్పటినుంచి ఫ్రిజ్ ఆపితే నా బండి తాళం చెవి అందులోనే పెడతాను, ఇది పాత సౌండ్ రికార్డిస్టుల కిటుకేనట. సీన్ అయ్యాక అందరినీ నోరు మూయించి ముప్పై సెకన్లు ఖాళీ గది శబ్దం రికార్డు చేయడం కూడా అప్పుడే అలవాటైంది. అది లేకపోతే ఎడిటింగ్‌లో డైలాగుకీ డైలాగుకీ మధ్య గొయ్యి తవ్వినట్టు వినిపిస్తుంది.

ఇక నా సొంత సినిమా. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సీన్. మధ్యాహ్నం భోజనాలయ్యాక కెమెరా తెలియకుండానే లైన్ దాటించేశాం, అంటే ఇద్దరి మధ్య ఊహించుకునే గీతకి ఒకే పక్క ఉండాల్సిన కెమెరాని అవతలి పక్కకి పెట్టేశాం. ఎడిట్‌లో చూస్తే ఇద్దరిదీ లెఫ్ట్ లుక్కే, మాట్లాడుకుంటున్నట్టు లేదు, ఇద్దరూ కలిసి బస్సు కోసం చూస్తున్నట్టుంది. పైగా ట్యూబ్‌లైట్ కింద షటర్ స్పీడు సెకనులో 1/60 వంతు పెట్టడంతో ఫ్రేమ్ నిండా చారలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, 1/50 గానీ 1/100 గానీ పెట్టాలని ముందు రోజు క్లాసులో చెప్పారు, నోట్సులో నా చేతిరాతతోనే ఉంది.

బాగోలేనివి చాలానే ఉన్నాయి. లైట్లు రెండే, అందులో ఒకటి ఎప్పుడూ రిపేరే, వెలుగు తిప్పికొట్టడానికి థర్మోకోల్ షీటు బౌన్స్ పెట్టుకుని నెట్టుకొచ్చాం. గెస్టులు వచ్చి వాళ్ళ కథలు చెప్పి సెల్ఫీలు దిగి వెళ్ళేవారు. ఇండస్ట్రీలో పని ఇప్పిస్తామన్న మాట ఫీజు కట్టేదాకానే. స్క్రిప్టు గురించి నేర్పింది దాదాపు సున్నా. ఎడిటింగ్ మాత్రం డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో నేర్పారు, ఈరోజు అన్నం పెడుతున్నది అదే.

కెమెరా పేరూ బిల్డింగూ చూసి చేరకండి. ఏడాదిలో నా చేత ఎన్ని తీయిస్తారు, తీసినవి అందరి ముందు వేసి తిడతారా లేదా, ఈ రెండూ అడగండి. మా ఇన్‌స్టిట్యూట్‌లో తొమ్మిది తీయించారు, తొమ్మిదింటికీ తిట్లు తిన్నాం. ఫీజు దగ్గర బేరం కూడా ఆడండి, మా బ్యాచ్‌లో ఇద్దరికి తగ్గించారని నాకు ఆఖరి రోజు పార్టీలో తెలిసింది.