రీఫర్బిష్డ్ కమోడోర్ 64 కొనేవాళ్ళకి జాగ్రత్త: 38911 ఫోటో చూసి డబ్బులు పంపకండి

ఫ్రెండ్స్, యూకేలో ఉన్న మన తెలుగువాళ్ళు, ఇంకా ఇక్కడున్న చుట్టాల చేత కమోడోర్ 64 లాంటి పాత హోమ్ కంప్యూటర్లు ఇండియాకి తెప్పించుకునేవాళ్ళు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి. నాకు అమ్మినవాడి పేరు పెట్టట్లేదు, ఒకటి డబ్బుల గొడవ ఇంకా తేలలేదు, రెండు ఇలా అమ్మేది వాడొక్కడే కాదు, ఇవాళ ఈ పేరు రేపు ఇంకో పేరు, అందుకే వాడి పేరు కన్నా వాడి పద్ధతి తెలిస్తేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

నేను కొన్న మెషిన్ లిస్టింగ్‌లో రాసింది ఇదీ: కమోడోర్ 64, ఫుల్లీ రీఫర్బిష్డ్, రీక్యాప్ చేశాం (పాత కెపాసిటర్లు మార్చడం), ఒరిజినల్ 6581 సిడ్ (సౌండ్ చిప్), కొత్త పవర్ సప్లై, చిప్స్‌కి హీట్ సింకులు (వేడి లాగే లోహపు ముక్కలు) వేశాం, 220 పౌండ్లు. ఫోటోల్లో బాక్స్ మిలమిలా మెరుస్తోంది, పసుపు మొత్తం పోగొట్టి తెల్లగా చేశాడు, నీలం తెర మీద 64కే ర్యామ్ సిస్టమ్, 38911 బేసిక్ బైట్స్ ఫ్రీ అని చక్కగా కనబడుతోంది. కింద కామెంట్లలో ఒకటే పొగడ్త, 38911 వచ్చిందంటే మెషిన్ పర్ఫెక్ట్ బ్రో అని.

అసలు అక్కడే మోసపోతున్నారు జనం. ఆ 38911 ఎక్కడ్నుంచి వస్తుందో చూడండి. ఆన్ చేయగానే మెషిన్ 1024వ అడ్రస్ నుంచి ఒక్కో బైటూ రాసి చదివి చూసుకుంటూ పైకి పోతుంది, 40960 దగ్గర బేసిక్ రోమ్ (బేసిక్ భాష ఉండే, చదవడానికే పనికొచ్చే మెమరీ) అడ్డం వస్తుంది, అక్కడ రాసింది నిలవదు కాబట్టి ర్యామ్ అయిపోయింది అనుకుని ఆగిపోతుంది. బేసిక్ ప్రోగ్రాములు 2049 నుంచి మొదలవుతాయి, 40960లోంచి 2049 తీసేస్తే 38911, అంతే లెక్క. అంటే 40960 పైన ఉన్న ర్యామ్‌ని ఆ టెస్ట్ ముట్టుకోనే ముట్టుకోదు, మిగతాది కూడా పైపైన ఒకసారి చూసి వదిలేస్తుంది. సౌండ్ చిప్ సంగతి అసలు అడగదు, సిడ్ సాకెట్ ఖాళీగా ఉన్నా అదే నీలం తెర, అదే 38911. కీబోర్డులో సగం కీస్ పనిచేయకపోయినా అదే. కాబట్టి ఆ ఫోటో చూపిస్తే "ఆన్ అవుతుంది" అని మాత్రం నమ్మండి, అంతకుమించి వద్దు.

పార్సిల్ రాగానే నేను ముందు చూసింది పవర్ సప్లై. పాత కమోడోర్ నల్ల బ్రిక్ (ఇటుకలాంటి పవర్ సప్లై) గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, చాలా వాటిలో లోపల మొత్తం రెజిన్ పోసి గడ్డకట్టించేస్తారు, వేడి బయటికి పోదు, ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి లోపలి రెగ్యులేటర్ దెబ్బతింటుంది, దెబ్బతింటే వోల్టేజ్ తగ్గిపోయి ఆగిపోతే బాగుండు, అలా కాకుండా 5 వోల్టులు రావాల్సిన చోట ఎక్కువ వస్తుంది, ముందు ర్యామ్ చిప్స్ పోతాయి, వాటితోపాటు ఇంకేవి పోతాయో మన అదృష్టం. అందుకే నేను ఏ సెకండ్ హ్యాండ్ బ్రిక్‌నీ నేరుగా మెషిన్‌కి పెట్టను. 5 ఓమ్స్, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి లోడ్‌గా పెడితే సుమారు 1 ఆంప్ లాగుతుంది, మల్టీమీటర్ పెట్టి ఓపిగ్గా చూడటమే (రెసిస్టర్ బాగా కాలుతుంది, చేత్తో పట్టుకోకండి). లోడ్ లేకుండా కొలిచి 5 వచ్చింది ఓకే అనుకుంటే లాభం లేదు, వేడెక్కాకే అసలు రంగు బయటపడుతుంది. వీడు పంపిన "కొత్త" పవర్ సప్లై మొదట్లో 5.1 చూపించింది, వేడెక్కే కొద్దీ పైకి పాకడం మొదలెట్టింది, 5.5 దాటగానే నేను ప్లగ్ పీకేశాను. 5.25 దాటిందంటే నా లెక్కలో అది చెత్తబుట్టకే. తీరా చూస్తే అది కొత్తదీ కాదు ఏమీ కాదు, పాత బ్రిక్కే, కేబుల్ మార్చి పైన కొత్త స్టిక్కర్ వేశాడు, స్టిక్కర్ అంచు లేపితే కింద పాత లేబుల్ జిగురు ఇంకా ఉంది!

నా దగ్గర వేరే కొత్త సప్లై ఉంది కాబట్టి దానితో ఆన్ చేశాను. నీలం తెర వచ్చింది, 38911 వచ్చింది. సౌండ్ మాత్రం లేదు, సన్నగా ఒక హమ్ తప్ప. వాడికి మెసేజ్ పెడితే "యువర్ టీవీ సెట్టింగ్స్ ప్రాబ్లమ్" అన్నాడు. సరే అని ఈ చిన్న ప్రోగ్రామ్ కొట్టాను, మీరూ రాసిపెట్టుకోండి:

10 పోక్ 54286,255
20 పోక్ 54287,255
30 పోక్ 54290,128
40 ప్రింట్ పీక్(54299)
50 గోటూ 40

(కమాండ్లు ఎలాగూ ఇంగ్లీష్ కీస్‌తోనే కొడతారు, ఇక్కడ పలికినట్టు రాశాను.) ఇది సిడ్‌లో మూడో వాయిస్‌ని నాయిస్ మీద పెట్టి, దాని ఆసిలేటర్ (శబ్దం పుట్టించే భాగం) విలువ చదువుతుంది. టీవీతో స్పీకర్‌తో దీనికి సంబంధమే లేదు. చిప్ బతికుంటే 0 నుంచి 255 దాకా అంకెలు అడ్డదిడ్డంగా పరిగెడుతూనే ఉంటాయి, ఒకప్పుడు గేములు రాసేవాళ్ళు రాండమ్ నంబర్లకి వాడిన ట్రిక్కే ఇది. నాకు మాత్రం ఒకే అంకె, కిందదాకా ఒకటే అంకె. ఒక్కోసారి నాలుగైదు అంకెలే తిరిగి తిరిగి రావచ్చు, అది కూడా అనుమానించాల్సిందే. అయితే ఈ టెస్ట్ పాసైనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, 6581లో ఫిల్టర్ మాత్రమే పోయినవి బోలెడు ఉంటాయి, సిడ్‌ని అనుకరించే కొత్త బోర్డులు కూడా ఈ టెస్ట్ పాసైపోతాయి. ఫెయిలైతే మాత్రం ఇక వాదన అక్కర్లేదు.

అప్పుడు మూత తీశాను. చూడగానే నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. చిన్నా పెద్దా అన్ని చిప్స్ మీదా హీట్ సింకులు ఎపాక్సీతో అతికించేశాడు, పైన ఏం రాసుందో చదవడానికి లేకుండా, ఒక్క సిడ్ మీద మాత్రం పెట్టలేదు. బోర్డు మీద బాగా వేడెక్కే వాటిలో 6581 ఒకటి, హీట్ సింక్ పెట్టాల్సిందే దానికి, కానీ మరి ఆ అక్షరాలు కొనేవాడికి కనబడాలి కదా! ఆ అక్షరాలు కూడా భలే ఉన్నాయి. తెల్లగా, పదునుగా, నిన్ననే ప్రింట్ చేసినట్టు. కింద డేట్ కోడ్ 5785. మాస్ (కమోడోర్ వాళ్ళ చిప్ కంపెనీ) చిప్స్ మీద మామూలుగా ముందు వారం, తర్వాత సంవత్సరం ఉంటుంది, అంటే 2484 అని ఉంటే 1984లో 24వ వారం. మరి 1985లో 57వ వారం ఏ పంచాంగంలో ఉందో వాడే చెప్పాలి. లిస్టింగ్ ఫోటోలో సరిగ్గా ఆ అంకెల మీదే ఫ్లాష్ వెలుగు పడి కనబడకుండా ఉంది, అనుకోకుండా పడిందని నేననుకోను. ఇయర్ బడ్‌ని అసిటోన్‌లో ముంచి మూలన మెల్లగా రుద్దితే నల్ల పూత ఊడొచ్చింది, కింద గరుకు కాగితంతో గీకిన గీతలు. ఏదో 28 కాళ్ళున్న చిప్ పట్టుకొచ్చి పైన 6581 అని అచ్చేశారన్నమాట. సిడ్ ఇప్పుడు కొత్తగా ఎవరూ తయారు చేయట్లేదు, సంగీతం వాళ్ళు కూడా వీటికోసం వెతుకుతారు, రేటు పెరిగింది, అందుకే ఈ నకిలీలు.

పీఎల్ఏ చిప్ (ఏ అడ్రస్‌కి ఏ చిప్ పలకాలో చూసేది) సంగతి ఇంకా అన్యాయం. దాని మీద హీట్ సింక్ మిగతా వాటికన్నా ఎత్తుగా ఉంది, పక్క నుంచి టార్చ్ వేసి చూస్తే కింద రెండు అంతస్తులు, ఒక అడాప్టర్, దాని మీద ఈప్రామ్ (చెరిపి మళ్ళీ రాసుకోగల మెమరీ చిప్). ఒరిజినల్ పీఎల్ఏలు చాలా పోతాయి, నిజమే, బదులు పెట్టడంలో తప్పేం లేదు, కానీ ఈప్రామ్‌తో చేసే ఈ చవక పనిలో సిగ్నల్ టైమింగ్ సరిగ్గా కుదరదు, కొన్ని మెషిన్లలో నడుస్తుంది, కొన్నిట్లో కార్ట్రిడ్జ్ పెడితే తిక్కతిక్కగా చేస్తుంది. పెట్టానని చెప్పి అమ్మితే అది వేరే విషయం. ఇక రీక్యాప్ అన్నది చూస్తే పెద్ద కెపాసిటర్ ఒక్కటే మార్చాడు, అదీ ప్యాడ్ ఊడగొట్టి, బోర్డు వెనకాల వైరు ముక్కతో అతుకేసి, గ్లూ గన్‌తో కప్పేశాడు. అసలు కమోడోర్ 64కి రీక్యాప్ అంత అర్జెంటు పనే కాదు, కమోడోర్ వాళ్ళ తర్వాతి మెషిన్లు అమిగా 600, 1200 లాంటి వాటిలో కెపాసిటర్లు కారి బోర్డు తినేస్తాయి, వాటికి తప్పనిసరి. రీక్యాప్ అన్న మాట వినగానే పడిపోకండి, ఏవేం మార్చారో, బోర్డు అడుగు ఫోటో ఉందో లేదో అడగండి.

కొనేముందు వీడియో అడగండి, కానీ ఊరికే వీడియో కాదు. నా లిస్టింగ్‌లో వీడియో ఉంది, మ్యూజిక్ కూడా అదిరిపోయేలా ఉంది, అది ఈ మెషిన్‌ది కాదు అంతే. కట్ లేకుండా ఒకే షాట్‌లో మెషిన్ కింద సీరియల్ లేబుల్ చూపించి, తిప్పి, ఆన్ చేసి, పైన ఇచ్చిన ప్రోగ్రామ్ కొట్టి, మధ్యలో మీ పేరు ప్రింట్ చేయించమనండి. నిజాయితీగా అమ్మేవాడికి పట్టుమని పది నిమిషాల పని. "టైమ్ లేదు బడ్డీ, చాలామంది వెయిటింగ్" అన్నాడా, వదిలేయండి, వాళ్ళనే కొనుక్కోనివ్వండి. చిప్స్ ఫోటోలు హీట్ సింకులు లేకుండా కావాలని అడగండి. సిడ్‌ని 8580కి (సిడ్‌లో తర్వాత వచ్చిన రకం) అప్‌గ్రేడ్ చేశాం అంటే ఏ బోర్డులో అని అడగండి, 6581కి 12 వోల్టులు, 8580కి 9 వోల్టులు, పాత బోర్డులో ఏ మార్పూ చేయకుండా 8580 గుచ్చితే ఆ చిప్‌ని చంపినట్టే.

డబ్బులు కట్టే దగ్గర ఒక మాట. నాతో మొదట్లో "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపు, 15 పౌండ్లు తగ్గిస్తా" (తెలిసినవాళ్ళకి డబ్బు పంపే పద్ధతి) అన్నాడు, నేను ఒప్పుకోలేదు. అలా పంపితే కొనుగోలుదారు రక్షణ ఏదీ ఉండదు. యూకేలో క్రెడిట్ కార్డుతో నేరుగా కడితే 100 పౌండ్లు దాటి 30,000 దాకా ఖరీదున్న వస్తువుకి 1974 కన్జ్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి, మధ్యలో వేరే పేమెంట్ సర్వీసు ఉంటే మాత్రం అది వర్తించకపోవచ్చు. అమ్మేవాడు వ్యాపారి అయితే చెప్పినట్టు లేని వస్తువుని 30 రోజుల్లోపు తిప్పికొట్టి పూర్తి డబ్బు అడగొచ్చు, 2015 కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్. వీడి అకౌంట్ ప్రైవేట్ అని ఉంది కానీ వారం వారం మెషిన్లు అమ్ముతున్నాడు, అది కూడా స్క్రీన్ షాట్లు తీసి పెట్టుకున్నాను. ప్రైవేట్ అయినా సరే, ఒరిజినల్ 6581 అని రాసి ఇంకేదో పంపితే చెల్లదు. ఒకటి గుర్తుంచుకోండి, దేన్నైనా ముట్టుకునే ముందు ఫోటోలు తీయండి, అతికించిన హీట్ సింకులు పీకకండి, తర్వాత "నువ్వే పాడుచేశావ్" అంటాడు, నాతో అననే అన్నాడు, సిడ్ మీద నేను రుద్దింది చిన్న మూల, ముందూ వెనకా వీడియోతో సహా ఉంది కాబట్టి నోరు మూసుకున్నాడు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇంకో రెండు ముక్కలు. అమెరికా నుంచి బావగారో మేనమామో తెస్తున్న 64 అయితే దాని బ్రిక్ 120 వోల్టులది, మన 230 ప్లగ్గులో పెట్టారో పొగే. మెషిన్ కూడా ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి), లోపల వీడియో చిప్ 6567, యూరప్ వాటిలో 6569, అది పాల్ (యూరప్ టీవీ పద్ధతి), ఒకదాంట్లో 263 లైన్లు ఇంకోదాంట్లో 312, యూరప్‌లో రాసిన డెమోలు (గ్రాఫిక్స్, మ్యూజిక్ చూపించే ప్రోగ్రాములు) చాలావరకు అమెరికా మెషిన్‌లో సరిగ్గా ఆడవు. మొత్తం సెట్ కొనకుండా మెషిన్ మాత్రం తెప్పించుకుని సప్లై విడిగా కొనుక్కోవడం నయం. అలాగే 1984లో మన దేశంలో మొదలైన క్లాస్ అనే స్కూల్ కంప్యూటర్ ప్రాజెక్టులో బీబీసీ మైక్రో (బ్రిటన్ హోమ్ కంప్యూటర్) మీద నేర్చుకున్న పెద్దవాళ్ళు ఆ జ్ఞాపకంతో ఇప్పుడు అవి వెతుకుతున్నారు, వాటి పవర్ సప్లైలో రీఫా కంపెనీ కెపాసిటర్లు ఉంటాయి, పైన పారదర్శకంగా ఉన్న పెంకు పగుళ్ళిచ్చి ఉంటుంది, కరెంటు ఇవ్వగానే ఠప్‌మని పేలి ఇల్లంతా కంపు. "టెస్టెడ్ వర్కింగ్" అని ఉన్నా సరే అవి మార్చాకే ఆన్ చేయండి. గేములు ఆడుకోవడమే కావాలంటే మాత్రం వైస్ ఎమ్యులేటర్ (మామూలు కంప్యూటర్లోనే కమోడోర్ 64ని అనుకరించే ప్రోగ్రామ్) ఫ్రీ, ఈ తలనొప్పులేవీ అక్కర్లేదు.

నా కేసు ఇంకా నడుస్తోంది, వాడు సగం డబ్బులిస్తా, రివ్యూ తీసేయ్ అంటున్నాడు, నేను ఒప్పుకోలేదు. ఈలోగా అవే ఫోటోలతో ఇంకో అకౌంట్ నుంచి అదే లిస్టింగ్ మళ్ళీ వచ్చింది, ఈసారి 260 పౌండ్లు. మెషిన్ నా టేబుల్ మీదే ఉంది, మరి అమ్మేదేంటో! గుర్తుపట్టడానికి: ఎఫ్7 కీ కుడి మూలన చిన్న నల్ల గీత, వెనకాల కంబళి లాంటి గ్రే క్లాత్, సిడ్ ఫోటో మీద వెలుగు మరక. కనబడితే కొనకండి, రిపోర్ట్ కొట్టండి.